పాత ఫోన్ ఉన్నోళ్ల హక్కు గూడ పాతదైతదా?

2019 ఎండకాలం. మా ఊరి చెరువుల పూడిక తీసే పని నడుస్తున్నది. నేను, ఊర్ల నలుగురు పోరగాళ్లు కలిసి ఒక చిన్న యాప్ చేసినం. ఉపాధి పనికి పోయే కూలీలు తాము పోయిన దినాలు తామే ఫోన్ల రాసుకోవాలె, పైసలు పడ్డనాడు లెక్క సరిచూసుకోవాలె. గంతే దాని పని. నేను కంప్యూటర్ సదువు సదివినోన్ని కాదు. యూట్యూబ్ల చూసి, వాళ్లను వీళ్లను అడిగి, తప్పులు చేసుకుంట నేర్చుకున్నోన్ని. రెండు నెలలు రాత్రిపూట కూసొని చేసినం. మా లాప్‌టాప్ల నడిచింది. నా ఫోన్ల నడిచింది. మస్తు సంబురపడ్డం.

తెల్లారి ఆరు గంటలకు చెరువుకాడికి పోయినం. ఆడ పద్నాలుగు మంది చేతుల టచ్ ఫోన్లున్నయి. ఐదింట్ల మంచిగ నడిచింది. మూడింట్ల ఎక్కనే ఎక్కలే. రెండింట్ల ఎక్కింది గని తెరవంగనే మూసుకపోయింది. ఒకదాంట్ల జాగ లేదు, మనుమరాలి ఫోటోలు, వాట్సాప్ వీడియోలతోని నిండిపోయింది. ఒక పెద్దాయన కండ్లు సరిగ ఆనయని అక్షరాలు పెద్దగ పెట్టుకున్నడు. దాంతోని 'సేవ్' అనే బటన్ తెర కిందికి జారిపోయి కనబడనే లేదు. మిగిలిన రెండింట్ల తేదీయే తప్పు పడుతున్నది. అవి బ్యాటరీ తీసి పెడితె తేది వెనకకు పోయే పాత ఫోన్లు.

యాప్ ఎక్కని మూడు ఫోన్లల్ల ఒకటి మా పక్కింటి అక్కది. పార పక్కకు పెట్టి ఆమె నన్ను ఒక మాట అడిగింది. "నా ఫోన్ల ఇది రాదంటే, నేను పనికి రానట్టేనా తమ్మీ?"

ఆ మాటకు నా కాడ జవాబు లేకుండె. తప్పు మాదే. మేం మా ఫోన్లు చూసి యాప్ చేసినం, వాళ్ల ఫోన్లు చూసి చెయ్యలే. మాది ఉచితంగ ఇచ్చే చిన్న యాప్, నడవకున్నా ఎవలి కూలి కట్ కాలే. గని ఇయ్యాల అదే తప్పు హాజరు కాడ, రేషన్ కాడ, పంట అమ్ముకునే కాడ జరిగితె ఏమైతది? ఈ ముచ్చట సాఫ్ట్‌వేరోళ్లది మాత్రమే అనుకోకుండ్రి. ఇది మన కూలి ముచ్చట, మన పంట ముచ్చట.

ఫోన్లు ఇన్ని రకాలు ఎందుకైనయి?

ఐఫోన్‌ను తయారు చేసేది ఒక్కటే కంపెనీ. ఫోన్ వాళ్లదే, లోపల నడిచే సాఫ్ట్‌వేర్ వాళ్లదే. కొత్త వర్షన్ వస్తె అమెరికాల ఉన్నోనికీ, హైదరాబాద్ల ఉన్నోనికీ ఒకేనాడు చేరుతది. ఆండ్రాయిడ్ సంగతి గట్ల కాదు. 2008ల మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చినప్పటి సంది గూగుల్ దాదాపు ఏడాదికొక కొత్త వర్షన్ తెస్తున్నది. దాన్ని ముందుగాల చిప్ చేసే కంపెనీ తన చిప్‌కు తగ్గట్టు మార్చాలె. తర్వాత ఫోన్ కంపెనీ తన రంగులు, తన సొంత యాప్‌లు కలపాలె. అప్పుడు మన చేతికి రావాలె. ఈ తొవ్వల ఎక్కడ ఆగినా మనకు రాదు.

మరి ఎక్కువ ఎక్కడ ఆగుతది? చవక ఫోన్ల కాడ. యాభై వేల ఫోన్‌కు ఏండ్లకేండ్లు అప్‌డేట్లు ఇస్తరు. మనం కొనే ఆరేడు వేల ఫోన్‌కు ఒక్కసారో రెండుసార్లో ఇస్తరు, ఒక్కోసారి అదీ ఉండది. తర్వాత ఆ ఫోన్‌ను చేసిన కంపెనీయే దాన్ని మర్చిపోతది. అందుకే ఒకే ఊర్ల, ఒకే వాడల, ఒకే ఇంట్ల గూడ తండ్రి కాడ ఒక వర్షన్, కొడుకు కాడ ఇంకొక వర్షన్. ఇగ అవ్వ కాడ బటన్ ఫోన్. దాంట్ల ఆండ్రాయిడే ఉండది. 2017ల వచ్చిన జియోఫోన్ల నడిచింది కాయ్ ఓఎస్ అనే వేరే వ్యవస్థ. ఆండ్రాయిడ్ కోసం రాసిన యాప్ దాంట్ల ఎక్కది, మళ్ల వేరేగ రాయాలె.

ఈ తేడా ఎంత పెద్దదో మన తెలుగు అక్షరమే ఒకసారి లోకానికి చూపెట్టింది. 2018 ఫిబ్రవరిల 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక తీరుగ కలిపి పంపితె చాలు, ఐఫోన్ల మెసేజ్ యాప్‌లు తెరవంగనే మూసుకపోయినయి. ఐఓఎస్ 11.2.5 వర్షన్ల ఆ తప్పు ఉండె. ప్రపంచమంత ముచ్చటైంది. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 ఇడిసిపెట్టింది, తప్పు పోయింది. కొన్ని దినాలల్లనే పని అయిపోయింది. ఎందుకంటె అక్కడ తప్పు దిద్దేటోడు ఒక్కడే, దిద్దింది అందరికీ అందుతది. అసొంటి తప్పే మన ఆరు వేల ఫోన్ల ఉంటె? గూగుల్ దిద్దినా గూడ ఆ దిద్దుబాటు మన దాంక రాకపోవచ్చు. ఆ ఫోన్ పగిలేదాంక ఆ తప్పు దాంట్లనే ఉంటది.

వర్షన్ మారితె లోపల ఏం మారుతది?

చానమంది పోరగాళ్లు వర్షన్ అంటే కొత్త రంగులు, కొత్త ఎమోజీలు అనుకుంటరు. గట్ల కాదు. ఫోన్ నడిచే రూల్సే మారుతయి. మూడు ఉదాహరణలు చెప్త.

2015ల ఆండ్రాయిడ్ 6 వచ్చింది. అంతకుముందు యాప్ ఎక్కించేటప్పుడే అన్ని అనుమతులు ఒక్కపారి ఇచ్చేది. 6 నుంచి కెమెరా కావాలంటే అప్పుడు అడగాలె, లొకేషన్ కావాలంటే అప్పుడు అడగాలె. మనిషి 'వద్దు' అని ఒత్తితె యాప్ ఏం చెయ్యాలెనో ముందే రాసుకోవాలె. రాయకపోతె తెర నల్లగైతది, మనిషి బేజారైతడు.

2021ల ఆండ్రాయిడ్ 12 వచ్చింది. లొకేషన్ అడిగినప్పుడు 'ఖచ్చితంగ చూపియ్యాల్నా, ఉజ్జాయింపుగ చూపియ్యాల్నా' అని ఫోన్ మనిషినే అడుగుడు మొదలుపెట్టింది. మనుషుల జాడ కాపాడేతందుకు అది మంచి పద్ధతే. గని పని జాగల నిలబడి ఫోటో తీసే మేట్ అక్క తెల్వక 'ఉజ్జాయింపు' మీద ఒత్తిందనుకో. చెరువుకాడ నిలబడ్డ మనిషి ఎక్కడో ఊరవతల ఉన్నట్టు పడొచ్చు. యాప్ చేసినోడు దానికి ఏర్పాటు చెయ్యకపోతె తప్పు అక్క మీద పడుతది.

2022ల ఆండ్రాయిడ్ 13 వచ్చింది. అప్పటి సంది నోటిఫికేషన్ పంపాలన్నా యాప్ అనుమతి అడగాలె. 'వద్దు' అంటే సప్పుడు రాదు. 'మీ తారీకు వచ్చింది, రాండ్రి' అనే కబురు వచ్చినా ఫోన్ మోగది. రైతుకు తెల్వది.

ఇవి గాక బ్యాటరీ మిగిలియ్యాలని కొన్ని కంపెనీల ఫోన్లు యాప్‌ను ఎనుక నుంచే ఆపేస్తయి. అప్పుడు నెట్ లేని జాగల తీసిన ఫోటో, నెట్ వచ్చినంక పోవాల్సింది, పోకుండ అట్లనే ఉండిపోతది. తేది తప్పున్న ఫోన్ అయితె సర్వర్‌తోని మాట్లాడనే మాట్లాడది. భద్రత కోసం సర్వర్ చూపెట్టే సర్టిఫికెట్‌కు గడువుంటది, ఫోన్‌ల తేది తప్పైతె ఆ సర్టిఫికెట్ చెల్లదని ఫోన్ అనుకుంటది. తెర మీద మాత్రం 'నెట్‌వర్క్ ఎర్రర్' అనే రెండు ముక్కలే కనబడుతయి. మనిషేమో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కుతడు.

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ అసొంటి పనిముట్లు వచ్చినయి, ఒక్కసారి రాస్తె ఆండ్రాయిడ్ల, ఐఫోన్ల రెండింట్ల నడుస్తదని అంటరు. నిజమే, తెర మీద కనబడే పని సగం తగ్గుతది. గని కెమెరా, జీపీఎస్, వేలిముద్ర, బ్యాటరీ కాడికి వచ్చేవరకు మళ్ల ప్రతి ఫోన్ తీరు ప్రతి ఫోన్‌దే. అన్ని భూములల్ల ఒకే నాగలి నడవొచ్చు, గని రాయి ఎక్కడున్నదో ఆ చెల్క దున్నినోనికే ఎరుక.

గడప ఎత్తు ఎవలు పెడుతున్నరు?

ఇగ అసలు ముచ్చట. ప్రతి ఆండ్రాయిడ్ యాప్ల ఒక అంకె ఉంటది. ఈ యాప్ ఏ వర్షన్ నుంచి పైకి నడుస్తదని ఆ అంకె చెప్తది. అది ఆ యాప్‌కు గడప. దానికన్న కింద ఉన్న ఫోన్లు లోపలికి రావు. ప్లే స్టోర్ల 'మీ ఫోన్‌కు ఈ యాప్ సరిపోదు' అని వస్తది, లేకుంటె వెతికినా కనబడనే కనబడది.

ఆ అంకెను దేవుడు రాయలే. గూగుల్ గూడ రాయలే. 2018 సంది గూగుల్ ఒక రూల్ పెట్టింది, యాప్‌లన్ని కొత్త వర్షన్ పద్ధతులకు తయారుగుండాలె అని. ఆ రూల్ ఏడాదికోసారి ముందుకు జరుగుతది. 2025 ఆగస్టు ఆఖరు కాడికి ఆండ్రాయిడ్ 15 పద్ధతికి తయారు కావాలన్నది. గని కొత్త ఫోన్‌కు తయారు కమ్మంటే పాత ఫోన్‌ను ఎళ్లగొట్టుమని అర్థం కాదు. రెండూ వేరే వేరే అంకెలు. కొన్నిసార్లు యాప్ల వాడే పనిముట్లే పాత వర్షన్‌లను ఇడిసిపెడుతయి, అది నిజం. అయినా గడప ఎంత ఎత్తు పెట్టాల్నో యాప్ చేసేటోళ్లు, చేయించేటోళ్లు తీసుకునే నిర్ణయం. ఒక అంకె మార్చితె పది ఫోన్లు లోపలికి వస్తయి, ఇంకో అంకె పెడితె పది ఫోన్లు బయట నిలబడుతయి.

గడప కిందికి పెట్టాలంటే కష్టం ఉంటది, కాదనను. పాత ఫోన్లు తెచ్చి పరీక్ష చెయ్యాలె, రెండు తీర్ల రాయాలె, ఎక్కువ దినాలు పడుతది. గని కష్టమంటే కానిది అన్నట్టు కాదు. వాట్సాప్‌నే చూడుండ్రి. 2013ల వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లల్ల అది 2024 ఆఖరు దాంక నడిచింది. 2025 జనవరి 1 నాడు ఆపిండ్రు. అంటే పదకొండేండ్లు మోసిండ్రు. నోకియా బటన్ ఫోన్లల్ల గూడ 2018 ఆఖరు దాంక నడిపిండ్రు. 2018ల జియోఫోన్ కోసం వేరేగ రాసి ఇచ్చిండ్రు. మన మీద పావురం ఉండి చేసిండ్రా? కాదు. ఒక్క ఫోన్ తగ్గితె ఒక్క గిరాకీ తగ్గుతదనే లెక్క. ఆ మనిషి వేరే యాప్‌కు పోతడనే భయం.

సర్కారు యాప్‌కు ఆ భయం ఉండది. కూలి హాజరు కోసం ఇంకొక యాప్‌కు పోతరా? మద్దతు ధర ఇచ్చే దుకాణం పక్క సందుల ఇంకొకటి ఉన్నదా? లేదు. గిరాకీ యాడికీ పోలేడని తెలిసినప్పుడు గడప ఎత్తు గురించి ఎవలు పట్టించుకుంటరు? అందుకే వాట్సాప్ ఎక్కిన ఫోన్ల గూడ సర్కారు యాప్ ఎక్కకపోతె, 'ఫోన్ పాతది' అని మనం తలకాయ వంచుకోవద్దు. 'నడుపుతందుకు మీకు మనసు లేదా' అని అడగాలె.

నష్టం ఎవలి మీద పడుతున్నది?

అంగన్‌వాడీ టీచర్ల కాడ మొదలుపెడుదాం. 2021 మార్చిల కేంద్రం పోషణ్ ట్రాకర్ యాప్ తెచ్చింది. దేశంల దాదాపు 14 లచ్చల అంగన్‌వాడీ కేంద్రాల లెక్కలు దాంట్ల ఎక్కియ్యాలె. ఆ ఏడు ఆగస్టుల మహారాష్ట్రల అంగన్‌వాడీ కార్యకర్తలు సర్కారు ఇచ్చిన ఫోన్లను వాపస్ ఇచ్చి నిరసన చేసిండ్రు. 2 జీబీ ర్యామ్ ఫోన్లు, యాప్ మొయ్యలేక ఆగిపోతున్నయి, కాలిపోయేటట్టు ఏడెక్కుతున్నయి, పైంగ యాప్ ఇంగ్లీషుల ఉన్నది అని వాళ్ల గోస. ఆలోచించుండ్రి, ఫోన్ ఇచ్చింది సర్కారే, యాప్ ఇచ్చింది సర్కారే. ఒకదానికొకటి కుదురుతున్నదా అని చూసినోడు లేడు. బరువు మాత్రం నెలకు కొద్దిపాటి గౌరవ వేతనం తీసుకునే ఆడబిడ్డల మీద పడ్డది.

ఉపాధి హాజరు ముచ్చట మీకందరికీ ఎరుకే. ఎన్‌ఎంఎంఎస్ యాప్ 2021ల మొదలైంది. 2022 మే 16 సంది 20 మంది, అంతకు ఎక్కువ కూలీలున్న పనుల కాడ తప్పనిసరి చేసిండ్రు. 2023 జనవరి 1 సంది సొంత చెల్కలల్ల చేసుకునే పనులు తప్ప అన్నింటికీ పెట్టిండ్రు. దినానికి రెండుసార్లు ఫోటో, టైము, జాగ గుర్తు తోని పడాలని రూల్ పెట్టిండ్రు. ఫోటో పడకపోతె హాజరు పడకపోయేది, హాజరు పడకపోతె కూలి పడకపోయేది. యాప్ పని చెయ్యకపోతె జిల్లా స్థాయి అధికారి అనుమతి తోని హాజరు ఎక్కియ్యొచ్చని కాయితం మీద ఉండె. గని ఒక్క దినం కూలి కోసం జిల్లా ఆఫీసు దాంక ఎవలు పోతరు? బస్సు కిరాయికే సగం కూలి పాయె.

ఎందుకు తెచ్చినం అంటే దొంగ హాజరు ఆపుతందుకు అన్నరు. 2025 జులైల కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నరు, ఫోటోను మళ్ల ఫోటో తీసి పెడుతున్నరు అని. అంటే దొంగకు తొవ్వ దొరికింది. పాత ఫోన్ ఉన్న మేట్ అక్కకు మాత్రం దొరకలే. అదే ఏడు డిసెంబర్ల పార్లమెంటు ఉపాధి హామీ చట్టం తీసేసి దాని జాగల 125 దినాల కొత్త చట్టం తెచ్చింది. దాంట్ల గూడ బయోమెట్రిక్, మొబైల్ నిఘానే. చట్టం మారినా గడప మారలే.

రైతు కాడికి వస్తె, 2025 పత్తి సీజన్ల కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. మద్దతు ధరకు అమ్మాలంటే దాంట్ల పేరెక్కియ్యాలె, స్లాట్ తీసుకోవాలె. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతు ధర. లైన్ల నిలబడే బాధ తప్పుతదంటే మంచిదే, స్లాట్ పద్ధతిని నేను తప్పువట్ట. గని టచ్ ఫోన్ లేని రైతు, ఫోన్ ఉన్నా యాప్ ఎక్కని రైతు ఏం చేస్తడు? కొడుకునో, పక్కింటి పిల్లగాన్నో బతిమిలాడుతడు. లేకుంటె మీసేవ కాడనో, నెట్ సెంటర్ కాడనో పైసలిస్తడు. అదీ కాకపోతె ఊర్లకు వచ్చిన యాపారి చెప్పిన ధరకు తూకం వేసి ఇస్తడు. యాప్ గడప కాడ పోయిన పైసలు ఎవలి లెక్కలల్లకూ రావు. గా పైసలు సర్కారు 'డిజిటల్ ఖర్చు' కింద రాసుకోది, రైతు అప్పు కింద పడుతయి.

యాప్‌లే వద్దా మరి?

కొందరు అంటరు, 'అన్నా, మీరు టెక్నాలజీకి అడ్డం పడుతున్నరు' అని. కాదు తమ్మీ. కాయితం మస్టర్లల్ల ఎంత దోపిడి జరిగిందో నేను కండ్లార చూసిన. సచ్చిపోయినోళ్ల పేరు మీద కూలి ఎత్తినోళ్లను చూసిన. మంచి యాప్ ఉంటె ఆ దోపిడి తగ్గుతది. ఇంట్ల కూసొని పింఛన్ లెక్క చూసుకునుడు మంచిదే.

ఇంకో మాట గూడ నిజం. పాత ఫోన్లకు భద్రతా అప్‌డేట్లు రావు, వాటిని హ్యాక్ చేసుడు అల్క. బ్యాంకు యాప్‌కు గడప జర ఎత్తుండాలె అంటే నేను ఒప్పుకుంట. మన పైసల కోసమే అది. గని గడప ఎత్తు పెట్టినోడు పక్కన ఇంకొక తలుపు తెరవాలె. ఆ పని మన దేశంల కానిది కాదు, చేసి చూపిచ్చిండ్రు గూడ. 2022 మార్చిల యూపీఐ 123పే తెచ్చి బటన్ ఫోన్‌తోని పైసలు పంపేటట్టు చేసిండ్రు. అంతకు ముందే *99# ఉన్నది, నెట్ లేకున్నా నడుస్తది. కరోనాల 2020 ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు ఆండ్రాయిడ్, ఐఫోన్లకు వచ్చింది. బటన్ ఫోన్లోళ్ల సంగతేంది అని అడిగితె మే మొదటి వారంల 1921 నంబర్ పెట్టిండ్రు, మిస్డ్ కాల్ ఇస్తె వాళ్లే తిరిగి చేసేటట్టు. మే నడిమిట్ల జియోఫోన్ కోసం గూడ వచ్చింది. దాని మీద వేరే అనుమానాలు మస్తున్నయి, ఆ ముచ్చట ఇంకోసారి. ఈడ నేను చెప్పేది ఒక్కటే: అవసరం అనుకుంటె నెలన్నరల రెండో తలుపు, మూడో తలుపు తెరిచిండ్రు. మన కూలి కాడికి, మన పత్తి కాడికి వచ్చేవరకు ఆ తలుపులు ఎందుకు గుర్తుకు రావు?

మనం ఏం అడగాలె?

ఒకటి. సర్కారు తెచ్చే ప్రతి యాప్ ఏ వర్షన్ నుంచి నడుస్తది, ఎంత ర్యామ్, ఎంత జాగ కావాలె అనేది తెలుగుల, పంచాయతి గోడ మీద రాయాలె. ఎరువు బస్తా మీద ఏముందో రాస్తరు గద, యాప్ మీద ఎందుకు రాయరు?

రెండు. టెండర్లల్లనే రాయాలె, పల్లెల ఎక్కువ మంది వాడే చవక ఫోన్లల్ల, నెట్ సన్నగ వచ్చే జాగల పరీక్ష చేసినంకనే పైసలిస్తమని. ఆఫీసుల ఏసీ కింద కొత్త ఫోన్ల చూసి 'పని చేస్తున్నది' అంటే చెల్లదు.

మూడు. నెట్ లేకున్నా నడవాలె. తీసిన ఫోటో, రాసిన లెక్క ఫోన్ల భద్రంగుండి, నెట్ వచ్చినప్పుడు పోవాలె. ఎక్కిందా లేదా అనేది మనిషికి తెలుగుల చెప్పాలె.

నాలుగు. యాప్ ఒక్కటే తలుపు కావద్దు. ఫోన్ కాల్, మెసేజ్, మామూలు వెబ్‌సైట్, ఆఖరుకు కాయితం, ఏదో ఒకటి ఊర్లనే దొరకాలె. ఆ తలుపు జిల్లా కేంద్రంల ఉంటె ఉన్నట్టు కాదు.

ఐదు. రిబ్బన్ కత్తిరించినంక గూడ పైసలు పెట్టాలె. ఏటేటా వర్షన్లు మారుతయి, ఇయ్యాల నడిచిన యాప్ రేపు ఆగుతది. బాయి తవ్వినంక పూడిక తియ్యకపోతె ఏమైతదో మనకు చెప్పాల్నా?

ఇవి అడిగేతందుకు మన చేతుల ఒక పనిముట్టు ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం. కేంద్రం యాప్ అయితె 10 రూపాయల ఫీజు, ఆన్‌లైన్లనే పెట్టొచ్చు. దాంట్ల నాలుగు ప్రశ్నలు రాయుండ్రి: ఈ యాప్ నడిచే అన్నింటికన్న పాత వర్షన్ ఏది? ఏ ఏ ఫోన్లల్ల, ఏ ఏ ఊర్లల్ల పరీక్ష చేసిండ్రు? యాప్ పని చెయ్యనోళ్లకు ఇంకొక తొవ్వ ఏది, ఆ ఆర్డర్ కాపీ ఇయ్యుండ్రి. యాప్ ఆగినందుకు ఎన్ని ఫిర్యాదులు వచ్చినయి? 30 దినాలల్ల జవాబియ్యాలె. జవాబు రాకున్నా, 'సమాచారం లేదు' అన్నా, అదీ ఒక జవాబే. పరీక్ష చెయ్యలేదని వాళ్ల సంతకం తోనే మన చేతికి వచ్చినట్టు.

ఊర్ల మీరు చేసే పని ఇంకొకటున్నది. ఎవలి ఫోన్లనన్న యాప్ ఎక్కకపోతె 'కొత్తది కొనుక్కో పెద్దమ్మా' అనకుండ్రి. తెర మీద వచ్చిన మాటను ఫోటో తియ్యుండ్రి. ఫోన్ మోడల్, వర్షన్, తేది, జాగ ఒక నోట్‌బుక్ల రాయుండ్రి. సెట్టింగ్స్‌ల 'ఫోన్ గురించి' అనే కాడ వర్షన్ దొరుకుతది. ఒక్కని గోస అయితె 'నీ ఫోనే ఖరాబు' అంటరు. ముప్పై మంది లిస్టు తీసుకొని గ్రామసభల నిలబడితె అట్ల అనలేరు.

ఇగ కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు ఒక్క మాట. మీరు రేపు హైదరాబాద్ల, బెంగళూరుల, ఇంకెక్కడనో యాప్‌లు రాస్తరు. మీ బల్ల మీద ఒక పాత ఫోన్ పెట్టుకోండ్రి. మీ అమ్మ వాడి పక్కకు పడేసిన ఫోనైనా మంచిదే. అక్షరాలు పెద్దగ పెట్టి చూడుండ్రి. నెట్ బంద్ చేసి చూడుండ్రి. అనుమతి అడిగినప్పుడు 'వద్దు' అని ఒత్తి చూడుండ్రి. మీటింగ్ల ఎవలన్న 'పాత ఫోన్లు రెండు శాతమే, ఇడిసిపెడుదాం' అంటే, ఆ రెండు శాతంల ఉన్నది ఎవలో అడుగుండ్రి. మీరు అడగకపోతె ఆ గదిల ఇంకెవలూ అడగరు.

మా చెరువుకాడి యాప్ ఏమైందంటరా? నెల దినాలు మళ్ల కూసున్నం. బొమ్మలు తీసేసినం, గడప దించినం, బటన్ పైకి తెచ్చినం, తేది మనిషే దిద్దుకునేటట్టు పెట్టినం. పద్నాలుగింట్ల పన్నెండు ఫోన్లల్ల నడిచింది. నడవని ఇద్దరికీ, టచ్ ఫోనే లేనోళ్లకూ అవే గళ్లు గీసి నోట్‌బుక్కులు ఇచ్చినం. పైసలు పడ్డనాడు అందరం చెట్టు కింద కూసొని లెక్కలు సరిచూసుకున్నం. రెండు దినాల కూలి తక్కువ పడ్డదని ముందుగాల పట్టుకున్నది 'నేను పనికి రానట్టేనా' అని అడిగిన ఆ అక్కనే, తన నోట్‌బుక్ల చూసి. ఆ నోట్‌బుక్ పట్టుకొని పోయి అడిగితె ఆ రెండు దినాల పైసలు తర్వాత పడ్డయి. మా యాప్ల గూడ అదే లెక్క ఉండె, గని మేం ఇంకా చూడలే.